కనిపించని ఆవర్జాలో మన పేరు: సిబిల్ కథ

మన సభ్యులొకరు కూతురి చదువుకు లోన్ అడిగితే బ్యాంకువాళ్ళు కాదన్నారు. ఎప్పుడో తీర్చిన క్రెడిట్ కార్డు బాకీ రిపోర్టులో అలాగే నిలిచి ఉంది. రసీదు చేతిలో పెట్టుకుని వసూలు ఏజెంట్‌తో నెలల తరబడి ఫోన్లో వాదించారు, ఫలితం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఈ లెక్కల పుస్తకం చరిత్ర తెలియాలి. మా తమిళ బడిలో దాన్ని పేరేడు అనేవారు, తెలుగులో ఆవర్జా.

1837లో అమెరికాలో వ్యాపారాలు కూలినప్పుడు లూయిస్ టప్పన్ అనే పట్టు వర్తకుడు దెబ్బతిన్నాడు. 1841లో న్యూయార్క్‌లో ఒక ఏజెన్సీ పెట్టాడు. ఊరూరా లాయర్లు, వర్తకులు ఎవరు నమ్మకస్తులో రాసి పంపేవారు. అలా రాసినవారిలో అబ్రహాం లింకన్ కూడా ఒకరు. డబ్బు కట్టిన వర్తకులకే ఆ పుస్తకం, అందులో పేరున్నవాడికి కాదు. తప్పు రాశారని అడిగే హక్కు అక్కడి మామూలు జనానికి 1970 చట్టంతో గానీ రాలేదు.

మన దేశంలో 1999లో రిజర్వ్ బ్యాంకు వేసిన సిద్ధిఖీ కమిటీ ఇలాంటి సంస్థ కావాలంది. 2000లో సిబిల్ పుట్టింది, 2004లో వ్యక్తుల లెక్కలు మొదలయ్యాయి. చట్టం 2005లో చేశారు, 2006 డిసెంబర్ 14న అమలైంది. ఇప్పుడు ఇలాంటి కంపెనీలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్.

రైల్వేలో గుమాస్తాగా ఉన్న మాకు ఇది కొత్త సంగతి కాదు. పై అధికారి కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఏం రాశాడో చాలాసార్లు మాకు తెలిసేది కాదు, ప్రమోషన్ ఆగినప్పుడే అనుమానం వచ్చేది. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, రాసిన ప్రతి మాటా ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. చూడనిదానిపై ఎవరైనా ఏమని అర్జీ పెడతారు?

క్రెడిట్ రిపోర్టూ అంతే. మొత్తం రిపోర్టు ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాలన్న రూలు 2017 జనవరి నుంచే వచ్చింది. అంతకుముందు 2010లో ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ గొడవలు, ఆత్మహత్యల తర్వాత అక్టోబర్‌లో ఆర్డినెన్స్ వచ్చి వసూళ్ళు ఆగాయి. మరుసటి ఏడాది మాలేగాం కమిటీ ఈ చిన్న అప్పులూ క్రెడిట్ బ్యూరోల్లో ఎక్కాలంది. సంతకం పెట్టిన అక్కచెల్లెళ్ళలో ఇలాంటి రిపోర్టు ఒకటుందని ఎందరికి తెలుసు?

ఇప్పుడు అసలు చిక్కు. చట్టం 21వ సెక్షన్ ప్రకారం మనం అడిగితే 30 రోజుల్లో సరిచేయాలి. కానీ అప్పిచ్చిన సంస్థ ఔనంటేనే బ్యూరో దిద్దగలదు. వసూలు ఏజెంట్‌కు ఆ పుస్తకంలో చెయ్యి లేదు. రాసింది బ్యాంకు, లేదా ఆ బాకీని కొనుక్కున్న అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీ. అందుకే ఏజెంట్‌తో వాదన వృథా. 'సెటిల్డ్' అన్న మాటతోనూ జాగ్రత్త. కొంత తగ్గించి కడితే ఆ మాట పడుతుంది, పూర్తిగా తీర్చినట్టు కాదు.

కాబట్టి ఈ వరుసలో వెళ్ళండి. నాలుగు రిపోర్టులూ తీయండి. తప్పున్న కంపెనీకి ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ వేయండి. అదేరోజు అప్పిచ్చిన సంస్థకూ రసీదు, నో డ్యూస్ లెటర్ జతచేసి రాయండి, నంబరు దాచుకోండి. బ్యాంకుకు 21 రోజులు, మొత్తం 30 రోజులు. దాటితే ఆలస్యం ఎవరిదైతే వారు రోజుకు 100 రూపాయలు మనకివ్వాలి. ఇది 2023 అక్టోబర్ 26న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం, ఆరు నెలల తర్వాత అమలైంది. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబర్ నుంచి క్రెడిట్ కంపెనీలూ ఆయన పరిధిలోకి వచ్చాయి, ఫీజు లేదు.

ఈ హక్కుల్లో ఏదీ ఊరికే రాలేదు, వాడకపోతే కాగితం మీదే ఉంటుంది. లోన్ అవసరం పడ్డాక కాదు, ఈ వారమే మీ రిపోర్టు తీసి చూడండి. ఫోన్‌లో చేయడం రాని పెద్దలు ఆదివారం సంఘం ఆఫీసుకు రండి, కూర్చుని చేద్దాం.