చేపల పడవలో ఇంజను మార్పిడి

చేపల పడవలో ఇంజను మార్పిడి అనగా పడవ లోపల బిగించిన పాత ఇంజనును తొలగించి, అమరం (పడవ వెనుక భాగం) వెలుపల లోహపు చట్రంపై ఔట్‌బోర్డు ఇంజన్లను అమర్చుట. లోపలి ఇంజను శక్తి ఇరుసు ద్వారా ప్రొపెల్లరుకు చేరుతుంది. దిశను చుక్కాని మారుస్తుంది. ఔట్‌బోర్డులో ఇంజను, గేర్లు, ప్రొపెల్లరు ఒకే యంత్రంగా ఉంటాయి. దానినే అటూ ఇటూ త్రిప్పి పడవ దిశను మారుస్తారు. లోతు తక్కువైన చోట పైకి ఎత్తుతారు.

చరిత్ర

ఔట్‌బోర్డు ఇంజన్లను 1909 నుండి వ్యాపారరీత్యా విజయవంతం చేసినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్. ఆ పేరుతో వచ్చే ఇంజన్ల తయారీ 2020లో నిలిచిపోయినది.

ఆంధ్ర తీరంలో రేవులు లేని చోట్ల పడవలు అలలను దాటి నేరుగా ఇసుక మీదికి రావాలి. 1979లో మద్రాసు కేంద్రంగా ఆహార, వ్యవసాయ సంస్థ (ఐక్యరాజ్య సమితి) ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం ఇందుకు తగిన పడవలను రూపొందించినది. వాటిలో డీజిలు ఇంజను, ఇరుసు, ప్రొపెల్లరు కలిసి పైకి లేచే ఏర్పాటు ఉండేది. ఔట్‌బోర్డుకు ఈ సౌకర్యం సహజంగానే ఉన్నది.

మార్పిడి విధానం

లోపలి ఇంజను తోపును పడవ అడుగునున్న దూలాలు భరిస్తాయి. మార్పిడి తరువాత ఆ భారం వెనుక పలకపై పడుతుంది. అందువలన ముందుగా పలక లోపలి కొయ్య కుళ్ళినదో లేదో పరీక్షించి, లోపలి నుండి ఊతలు కట్టాలి. ఇరుసు, చుక్కాని, శీతలీకరణ నీటి గొట్టం ఉన్న రంధ్రాలను పూర్తిగా మూసివేయాలి. వీటిలో ఒక్కటి వదిలినా పడవలోకి నీరు చేరుతుంది.

చట్రం పొడవు పెరిగిన కొద్దీ, మీట సూత్రం ప్రకారం, ఇంజన్ల బరువు అమరాన్ని మరింత క్రిందికి లాగుతుంది. గాలి నిండిన బోలు చట్రం కొంత తేలుడు బలాన్నిచ్చి ఈ లోపాన్ని తగ్గిస్తుంది. ఐసు, వలల బరువును ముందుకు జరపడం కూడా అవసరం కావచ్చు.

లాభనష్టాలు

ఇంజను గది ఖాళీ అయి చేపలకు, ఐసుకు చోటు పెరుగుతుంది. మరమ్మతుకు ఇంజనును విప్పి ఒడ్డుకు తీసుకొనిపోవచ్చు. రెండు ఇంజన్లున్నప్పుడు ఒకటి ఆగినా రెండవదానితో తీరం చేరవచ్చు. అయితే రెండింటికీ ఒకే ఇంధన గొట్టం ఉంటే, అందులో నీరు చేరినప్పుడు రెండూ ఆగిపోతాయి. కనుక గొట్టాలు, వడపోతలు వేరువేరుగా ఉండాలి.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది పడవ అడుగున నిలిచి నిప్పురవ్వకు అంటుకుంటుంది. ట్యాంకు వద్ద గాలి ఆడాలి. అమరం నుండి వలలు లాగే పడవలలో వల ప్రొపెల్లరుకు చిక్కుకొనే ప్రమాదం ఉన్నది. ఇంధన వ్యయాన్ని కూడా లెక్కించాలి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకారులకు పెంచిన లీటరుకు 9 రూపాయల రాయితీ డీజిలుకు సంబంధించినది.