లీలావతిలో చాపానయనం: రెండు ఫలాలలో ఒకటి

భారతీయ జ్యోతిర్గణితం వృత్తఖండాన్ని విల్లుగా భావించింది. వంపు చాపం, దాని కొనలను కలిపే నారి జ్య. చాపం నుండి జ్యను సాధించడం ఒక ప్రక్రియ, జ్య నుండి చాపాన్ని రాబట్టడం దానికి విపర్యయం. నేటి ఇంటర్మీడియట్ తెలుగు పాఠ్యగ్రంథాలలోని విలోమ త్రికోణమితీయ ప్రమేయాలకు మూలభావన ఈ రెండవదే. ఆర్యభటుని పట్టికను తిరగేసి చదివినా చాపం లభిస్తుంది (అయితే అవి అర్ధజ్యలు, లీలావతిలోని జ్య పూర్తి నారి). పట్టికతో పనిలేని మార్గాన్ని భాస్కరాచార్యుడు 1150లో లీలావతిలో చూపాడు.

పరిధి నుండి చాపాన్ని తీసివేసి, శేషాన్ని చాపంతో గుణిస్తే వచ్చేదానికి ఆయన ‘ప్రథమం’ అని పేరు పెట్టాడు. పరిధివర్గపు నాలుగవ వంతును అయిదింతలు చేసి, అందులో ప్రథమాన్ని తగ్గించాలి. నాలుగింతల వ్యాసంతో గుణించిన ప్రథమాన్ని ఆ శేషంతో భాగిస్తే జ్య వస్తుంది. ఇది ఏడవ శతాబ్దపు మొదటి భాస్కరుని స్థూలసూత్రానికి రూపాంతరం. గ్రంథంలోని ఉదాహరణలో వ్యాసం 240. పరిధిని 18 భాగాలుగా తీసుకుంటే 3 భాగాల చాపానికి ప్రథమం 45, జ్య 120. ఒక భాగపు చాపానికి మాత్రం సూత్రఫలం 42, నిజమైన జ్య సుమారు 41.7.

ఇప్పుడు జ్య 120 మాత్రమే తెలుసుననుకుందాం. 405ను 120తో గుణించి 1080తో భాగిస్తే మళ్లీ 45 వస్తుంది. పరిధివర్గంలో నాలుగవ వంతు అయిన 81 నుండి దానిని తీసివేస్తే 36, మూలం 6. అర్ధపరిధి 9 నుండి 6 పోగా చాపం 3.

అసలు విశేషం ఈ చివరి తీసివేతలో ఉంది. మూలాన్ని కలిపితే 15 వస్తుంది, అదీ అసత్యం కాదు. ఒకే నారి వృత్తాన్ని 3, 15 భాగాల రెండు చాపాలుగా విడదీస్తుంది. సూత్రం తీసివేతనే విధించి, చిన్న చాపాన్ని ఎన్నుకుంటుంది. నేడు ‘ప్రధాన విలువ’ చేసే పని ఇటువంటిదే. స్పర్శజ్యలు 2x, 3x గల రెండు కోణాల ప్రధాన విలువల మొత్తం 45 డిగ్రీలైతే, వర్గసమీకరణం 1/6, −1 అనే రెండు మూలాలనిస్తుంది. −1 తీసుకుంటే రెండు కోణాలూ రుణాత్మకమవుతాయి గనుక అది త్యాజ్యం.

అంతమాత్రాన భాస్కరునికి ప్రమేయభావనను ఆపాదించడం అతివ్యాప్తి. ఆయన ఎంపికను విధించాడే గాని దాని హేతువును ఆ సూత్రంలో చెప్పలేదు. పరిభాష సంగతి వేరు. 1813లో జాన్ హెర్షెల్ ప్రవేశపెట్టిన మైనస్ ఒకటి సంకేతం వ్యుత్క్రమమేమోనన్న భ్రమ కలిగిస్తుంది. ‘విలోమ’ శబ్దం ప్రక్రియను చెబుతుంది కాని లభించే వస్తువును చెప్పదు. యూరప్‌లో నిలిచిన ‘ఆర్క్’ అనే మరో సంకేతానికి అర్థం చాపమే.