తిరువయ్యారులో ఆమె కట్టిన గుడి

కావేరి తమిళనాట అడుగుపెట్టేది మా ధర్మపురి జిల్లాలోనే. హొగెనకల్ బండల మీదుగా దూకి, మేట్టూరు ఆనకట్టలో కాస్త నిలిచి, ఈరోడ్, తిరుచ్చి దాటి తంజావూరు సీమలో పాయలు పాయలుగా చీలుతుంది. ఆ నది ఒడ్డునే తిరువయ్యారు ఉంది. 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు, త్యాగరాజస్వామి అక్కడ సిద్ధి పొందారు. ఏటా ఆ తిథి వచ్చేసరికి స్వామి ఆరాధన కోసం నది గట్టున పందిళ్లు లేస్తాయి. దేశం నలుమూలల నుంచీ సంగీతం నేర్చినవాళ్లు వచ్చి, పైసా పుచ్చుకోకుండా పాడి వెళతారు.

మాది బొమ్మిడి. సేర్వరాయన్ కొండల దాపున, జోలార్‌పేట నుంచి సేలం వెళ్లే రైలు మార్గం మీద ఉన్న చిన్న ఊరు. మా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా వీధిలోనే పెరిగిన నా స్నేహితురాలికి ఇంట్లో తమిళం, పాటలో తెలుగు. ఆమె నేర్చుకున్న పుస్తకాల్లో త్యాగరాజ కృతులన్నీ తమిళ లిపిలోనే ఉండేవి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని ఏది ఎలా పలకాలో తెలియడానికి అక్షరం పక్కన 1, 2, 3, 4 అని అంకెలు వేసి ఉంటాయి. ఆ అంకెలతో ఆమెకు తృప్తి ఉండేది కాదు. కొత్త కృతి ఎత్తుకున్నప్పుడల్లా మా అమ్మ దగ్గరికి వచ్చి, ఒక్కొక్క మాటా పలికించుకుని, తాను పలికి, సరేననిపించుకుని వెళ్లేది. ఇప్పుడు సేలంలో పిల్లలకు పాట చెబుతోంది.

ఆరాధనలో పాడే అవకాశం వచ్చిందని ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు వచ్చి ముందర కూర్చోవాలి. నీ మొహం కనబడుతుంటే నాకు మాట తడబడదు" అంది. సేలం, తిరుచ్చి మీదుగా తంజావూరు చేరితే, అక్కడి నుంచి తిరువయ్యారు 13 కిలోమీటర్లు. తంబురా, గుడ్డల సంచి, డబ్బాలో పులిహోర పట్టుకుని ఇద్దరం బయలుదేరాం. దారి పొడుగునా ఆమె కృతి మననం చేసుకుంటూనే ఉంది. నేను మాత్రం ఇంకొకామె గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. నా స్నేహితురాలు ఆ వేదిక ఎక్కగలుగుతోందంటే, దాని వెనక దాదాపు ఇరవై ఏళ్లు పట్టు విడవని ఒక దేవదాసి ఉంది. ఆ కథ తెలుగువాళ్లందరికీ తెలియాలని నా కోరిక.

త్యాగరాజు పూర్వీకులది ప్రకాశం జిల్లా ప్రాంతంలోని కాకర్ల. తంజావూరును తెలుగు నాయకరాజులు ఏలిన కాలం నుంచీ ఆ సీమలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజుల కొలువులోనూ తెలుగు పాటకూ తెలుగు కావ్యానికీ లోటు రాలేదు. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టి, బతుకంతా తిరువయ్యారులో గడిపారు. రాజాశ్రయం కోరలేదు. తంబురా భుజాన వేసుకుని వీధుల్లో పాడుతూ ఉంఛవృత్తితో బతికారు. చివరి రోజుల్లో సన్యాసం పుచ్చుకున్నారు. ఆయన దేహాన్ని కావేరి గట్టున సమాధి చేసి, పైన చిన్న బృందావనం కట్టారు.

ఆ తర్వాత శిష్యులు ఎక్కడివాళ్లక్కడ చెదిరిపోయారు. ఉమయాళ్‌పురంలో కొందరు, తిల్లస్థానంలో కొందరు, వాలాజాపేటలో కొందరు ఆ పాటను నోట నిలుపుకున్నారు గానీ సమాధిని చూసే దిక్కు లేకపోయింది. చెట్టూ చేమా మొలిచి, రాళ్లు కదిలిపోయాయి. 1903లో స్వామి దగ్గర నేరుగా నేర్చుకున్న ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ ముసలి వయసులో అక్కడికి వచ్చి, ఆ స్థితి చూసి, సమాధిని బాగు చేయించారు. ఏటా తిథి నాడు ఆరాధన జరగాలని నిర్ణయించారు. తిల్లస్థానం నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ అనే అన్నదమ్ములు ఆ భారం మోశారు. పూజ, పాట, అన్నదానం ఏడాదికేడాది పెరిగాయి.

పెరిగిన కొద్దీ తగాదాలూ వచ్చాయి. కొన్నాళ్లకే ఆరాధన రెండు పక్షాలుగా చీలింది. చిన్న కట్చి, పెరియ కట్చి అని వాటికి పేర్లు. చిన్న కట్చివాళ్లు అయిదు రోజుల ముందు మొదలుపెట్టి పంచమి నాటికి ముగించేవాళ్లు. పెరియ కట్చివాళ్లు పంచమి నాడు మొదలుపెట్టి తర్వాతి నాలుగు రోజులూ జరిపేవాళ్లు. ఎవరి పందిరి వాళ్లది, ఎవరి విద్వాంసులు వాళ్లకు. ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలదీ ఒకటే మాట: ఆడవాళ్లు అక్కడ పాడకూడదు.

ఈ తగాదాల మధ్యలోకి వచ్చింది బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసి కుటుంబంలో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి ఒంటరిగా పెంచి, కూతురికి సంగీతంతో పాటు సంస్కృతం, తెలుగు, కన్నడం చెప్పించింది. వాలాజాపేట పరంపరకు చెందిన మునుస్వామప్ప దగ్గర నేర్చుకోవడంతో త్యాగరాజ కృతి ఆమెకు చిన్ననాటనే గురుముఖంగా అబ్బింది. పెద్దయ్యాక మద్రాసు చేరి కచేరీలలో పేరూ ధనమూ సంపాదించింది. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం' కావ్యాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ల వారిచేత అచ్చు వేయించింది ఈమే. ఒక ఆడది, అందులోనూ దేవదాసి, శృంగారం రాయడం, దాన్ని మరో దేవదాసి అచ్చు వేయించడం పెద్దలకు నచ్చలేదు. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో గానీ టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేయలేదు. ఆడదాని గొంతు నొక్కితే ఎలా ఉంటుందో, తిరువయ్యారు రాకముందే నాగరత్నమ్మకు తెలుసు.

1921లో ఆమె మరో గురువు బిడారం కృష్ణప్ప నుంచి ఉత్తరం వచ్చింది. స్వామి సమాధి మళ్లీ పాడుబడిందని, చూసేవాళ్లు లేరని అందులో రాశారు. నాగరత్నమ్మ తిరువయ్యారు వెళ్లి, సమాధి చుట్టూ ఉన్న స్థలం సంపాదించి, ఆ ఏడే అక్టోబర్ 27న శంకుస్థాపన చేయించింది. కచేరీలలో కూడబెట్టిన సొమ్మూ, ఒంటి మీది నగలూ దానికే పెట్టింది. స్వామి విగ్రహం చెక్కించింది. 1925 జనవరి 7న కుంభాభిషేకం జరిగింది. ఇప్పుడు మనం వెళ్లి దండం పెట్టుకునే గుడి అదే.

గుడి కట్టింది ఆమె. నిత్యపూజకు ఏర్పాట్లు చేసింది ఆమె. అయినా ఆరాధన నాడు ఆ గుడి ముందు పాడటానికి ఆమెకే అనుమతి లేదు. రెండు కట్చిలనూ అడిగింది. రెండూ కాదన్నాయి. అంతటితో ఆమె మద్రాసు వెళ్లిపోయి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కారు. నాగరత్నమ్మ వెళ్లలేదు. 1927లో ఆడవాళ్లను కూడగట్టి, సమాధి వెనక వేరే పందిరి వేసి, అక్కడే ఆరాధన మొదలుపెట్టింది. దాని పేరు పెణ్గళ్ కట్చి, అంటే ఆడవాళ్ల పక్షం. ముందువైపు మగవాళ్లు, వెనకవైపు ఆడవాళ్లు, నడుమ స్వామి. దేవదాసి వ్యవస్థ మీద మద్రాసు శాసనమండలిలో ముత్తులక్ష్మీరెడ్డి తీర్మానం తెచ్చింది కూడా 1927లోనే. పాట, ఆట తెలిసిన ఆ స్త్రీలను లోకం అన్ని వైపుల నుంచీ వేలెత్తి చూపుతున్న కాలం అది. అటువంటి కాలంలో వాళ్లు ఏటా వచ్చి, తమ హక్కు తామే పాడి నిలబెట్టుకున్నారు.

మూడు పక్షాలూ ఒకటి కావడానికి 1940 దాకా పట్టింది. ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి నడుం కట్టుకుని అందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. హరికేశనల్లూరు ముత్తయ్య భాగవతార్, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ వంటి పెద్దలు తోడు నిలిచారు. ఆరాధన ఒక్కటైంది, ఆడవాళ్లకు తలుపు తెరుచుకుంది. ఘనరాగ పంచరత్నాలను అందరూ కలిసి గోష్ఠిగా పాడే ఆచారం స్థిరపడింది కూడా ఈ కలయిక తర్వాతే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఆ అయిదు కృతులూ ఆదితాళంలోనే ఉంటాయి. ఎవరి బాణీ వాళ్లది అయినా ఒక్క పాఠానికి ఒదిగి పాడాలి. తగాదాలు తీరిన చోట అందరూ కలిసి పాడటం కన్నా మంచి ఒడంబడిక ఏముంటుంది?

నాగరత్నమ్మ 1952 మే 19న కన్నుమూసింది. తన ఆస్తిని సమాధి సేవకే ట్రస్టుగా రాసి, ఆడవాళ్లకు అక్కడ పూజకూ పాటకూ ఉన్న హక్కును కాపాడాలని షరతు పెట్టింది. ఆమె సమాధి కూడా స్వామి సన్నిధికి దగ్గరలోనే ఉంది. చేతులు జోడించి స్వామి వైపే చూస్తూ కూర్చున్న ఆమె విగ్రహం అక్కడ కనిపిస్తుంది.

పంచమి నాడు తెల్లవారుజామునే మేం లేచి స్నానం చేశాం. మేట్టూరు గేట్లు జనవరి 28న మూయడం ఆనవాయితీ. మేం వెళ్లిన ఏడు అంతకు ముందే తిథి వచ్చింది కాబట్టి నదిలో నీళ్లు పారుతున్నాయి. తిరుమంజన వీధిలోని త్యాగరాజస్వామి ఇంటి నుంచి ఉంఛవృత్తి భజన పాడుకుంటూ విద్వాంసులు సమాధికి వచ్చారు. నాదస్వరం మోగింది. వేణువు మీద భైరవి రాగ కృతి అయ్యాక, అభిషేకం జరుగుతుండగా పంచరత్నాలు మొదలయ్యాయి. పందిరి కింద మధ్యలో దారి వదిలి, అటూ ఇటూ వరుసలు కట్టి ఎదురెదురుగా కూర్చున్నారు. పేరు మోసిన విద్వాంసుడి మోకాలికి ఆనుకుని పదేళ్ల పిల్ల కూర్చుని ఉంది. వేలమంది ఒక్కసారి తాళం వేస్తుంటే నేల అదిరింది. వరాళి రాగాన్ని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చుని చెప్పకూడదని ఒక నమ్మకం ఉంది. అక్కడ మాత్రం గురువులూ శిష్యులూ ఎదురెదురుగానే కూర్చుని, ఆ వరాళి కృతినీ నిండు గొంతులతో పాడారు. నా చుట్టూ పాడినవాళ్లలో ఎక్కువమంది తమిళులు. కొందరు మలయాళం, కొందరు కన్నడం మాట్లాడుకుంటున్నారు. సంస్కృతంలో ఉన్న నాట కృతి తప్ప, మిగతా నాలుగింటిలో అందరూ పాడింది మాత్రం తెలుగే.

నా స్నేహితురాలి వంతు ఆ రాత్రి వచ్చింది. ఒక వేదిక మీద పాట నడుస్తుంటే పక్క వేదిక మీద తర్వాతివాళ్లు శ్రుతి చేసుకుంటారు. పెద్దవాళ్లకైనా కొత్తవాళ్లకైనా ఒకటి రెండు కృతులకు సరిపడా సమయమే ఇస్తారు. ఎవరికీ పారితోషికం లేదు. ఆమె వేదిక ఎక్కి ముందు స్వామికి, తర్వాత నాగరత్నమ్మ విగ్రహం ఉన్న వైపుకు తిరిగి దండం పెట్టింది. ఖరహరప్రియలో ఒక్క కృతి పాడింది. ఎక్కడా మాట విరవలేదు. ఒత్తు అక్షరం ఒత్తుగానే, తేలిక అక్షరం తేలికగానే పలికింది. మా అమ్మ ఉండి వింటే బాగుండేదని అనుకున్నాను. పందిట్లో ఒక పెద్దాయన కళ్లు మూసుకుని చివరిదాకా తాళం వేశాడు. దిగివచ్చి, "ఎలా ఉంది అక్కా?" అంది. "మా అమ్మ నేర్పినట్టే పలికావు" అన్నాను. అంతకన్నా పెద్ద మెప్పు నా దగ్గర లేదు.

పాట కోసం జనం ఒకచోట చేరి ఉత్సవం చేసుకోవడం ప్రపంచమంతటా ఉంది. 1978లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఉత్సవం మొదలైంది. ప్రవాసంలో పుట్టిన పిల్లలు కూడా అక్కడ పంచరత్నాలు పాడుతున్నారు. అదే ఏడు జమైకాలోని మాంటెగో బేలో, అక్కడి రెగ్గే సంగీతానికి రెగ్గే సన్‌స్ప్లాష్ అనే ఉత్సవం మొదలై ఎన్నో దేశాల జనాన్ని రప్పించింది. ఆ రెగ్గేలోనూ ఆడవాళ్లు చాలాసార్లు వెనక వరుసలోనే నిలబడ్డారు. బాబ్ మార్లే వెనక ఐ-త్రీస్‌గా పాడిన రీటా మార్లే, మార్సియా గ్రిఫిత్స్, జూడీ మోవాట్ ముగ్గురూ తమ సొంత పేర్లతోనూ పాడి నిలిచారు. వెనక నుంచి ముందుకు రావడం ఏ దేశపు ఆడదానికీ ఎవరో దయతో ఇచ్చింది కాదు.

మన దగ్గర సంగీతం నేర్చే పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ. వాళ్లకు త్యాగరాజు పేరు తెలుసు, పంచరత్నాలు నోటికి వచ్చు. నాగరత్నమ్మ పేరు చెప్పి చూడండి, తెలిసినవాళ్లు బహు తక్కువ. పాట చెప్పే అమ్మలకూ అయ్యలకూ నా మనవి ఒకటే. మొదటి కృతి చెప్పిన నాడే ఆమె కథా చెప్పండి. తిరువయ్యారు వెళ్లినవాళ్లు స్వామికి దండం పెట్టుకున్నాక, నాలుగడుగులు వేసి ఆమె సన్నిధికీ వెళ్లండి. వీలైతే ఒక్క కృతి అక్కడ నిలబడి పాడి రండి.