మధ్య పేరు (ఆడపిల్లల నామకరణం)

మధ్య పేరు అనగా ఒక వ్యక్తి మొదటి పేరుకు, చివర వచ్చే ఇంటిపేరుకు నడుమ వ్రాసే పేరు. ఈ నిర్వచనం ఐరోపా, అమెరికా దేశాల వాడుకకు సరిపోతుంది. తెలుగువారిలో ఇంటిపేరు ముందుగా వస్తుంది కనుక, ఇంటిపేరుకు, పిలుపు పేరుకు నడుమ నిలిచే మాటనే మధ్య పేరుగా భావించవలసి ఉంటుంది. ఆడపిల్లకు ఆ మాటను నిర్ణయించే పద్ధతి భాషను, ప్రాంతాన్ని, కుటుంబ ఆచారాన్ని బట్టి మారుతుంది. ఇటువంటి పలు పద్ధతులు పక్కపక్కనే కనిపించే చోట్లలో హైదరాబాదులోని బేగంబజార్ ఒకటి.

బేగంబజార్

మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్ సమీపంలో ఉన్న ఈ టోకు వర్తక కేంద్రం, రెండవ అసఫ్ జా నిజాం అలీఖాన్ (పాలన 1762-1803) భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో ఏర్పడినదని ప్రసిద్ధి. ఇక్కడ స్థిరపడిన మార్వాడీ, గుజరాతీ వర్తక కుటుంబాలతో పాటు తెలుగు, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవారు కూడా నివసిస్తున్నారు. బజారు పేరులోని 'బేగం' అన్న గౌరవ వాచకం హైదరాబాదులో ఎందరో ముస్లిం స్త్రీల పేర్లలో చివరి మాటగా ఉండడం గమనించదగినది.

తండ్రి పేరు మధ్యలో ఉండే పద్ధతి

గుజరాతీ, మరాఠీ కుటుంబాలలో పిల్ల పేరు తరువాత తండ్రి పేరు, ఆపైన ఇంటిపేరు వ్రాస్తారు. ఇక్కడ మధ్య పేరును ఎంచుకోవడమన్న ప్రశ్నే లేదు. తండ్రి పేరు పక్కన వినసొంపుగా ఉండే మొదటి పేరును వెదకడమే తల్లిదండ్రుల పని. పెళ్ళి తరువాత తండ్రి పేరు స్థానంలో భర్త పేరు చేరుతుంది. 2007 నుండి 2012 వరకు రాష్ట్రపతిగా ఉన్న ప్రతిభా దేవీసింగ్ పాటిల్ పేరులోని 'దేవీసింగ్' ఆమె భర్త పేరు. రాజస్థానీ, ఉత్తరాది కుటుంబాలలో పెళ్ళికి ముందు 'కుమారి', తరువాత 'దేవి' అని చేర్చే వాడుక కూడా ఉన్నది. ఈ పద్ధతులలో ఒకే స్త్రీకి చదువు ధ్రువపత్రాలలో ఒక పేరు, పెళ్ళి తరువాతి కాగితాలలో మరొక పేరు ఏర్పడి, ఆస్తి పంపకాల వేళ ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవలసి వస్తుంది. నిజానికి పెళ్ళయిన స్త్రీ పేరు మార్చుకొని తీరాలని చట్టంలో ఎక్కడా లేదు.

హైదరాబాదులో పెరిగిన తమిళ కుటుంబపు క్రికెటర్ మిథాలీ దొరై రాజ్ పేరులో తండ్రి పేరు 'దొరై రాజ్' రెండుగా విడి, మొదటి సగం మధ్య పేరుగా నిలిచినది.

తెలుగు పద్ధతి

తెలుగువారిలో నడిమి మాట చాలావరకు ఇలవేలుపు పేరు లేదా పెద్దల పేరు. వెంకట, నాగ, సత్య, సాయి, శ్రీ, లక్ష్మి అనేవి ఎక్కువగా వినిపిస్తాయి. 1995 జూలై 5న హైదరాబాదులో జన్మించిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పూసర్ల వెంకట సింధు తండ్రి పేరు పూసర్ల వెంకట రమణ. అంటే 'వెంకట' తండ్రీకూతుళ్ళకు ఉమ్మడి మాట. అయినా అది తండ్రి పేరు కాదు, కూతురి స్వంత పేరులో భాగమే. ఈ భేదం చిన్నది కాదు. సంప్రదాయం ప్రకారం పెళ్ళితో ఇంటిపేరు మారినా నడిమి మాట మారదు. పుట్టింటి గుర్తుగా స్త్రీ పేరులో జీవితాంతం మిగిలేది అదే.

నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టే ఆచారం వలన మరొక అవసరం ఏర్పడినది. కోడలు అత్తగారి పేరు పలకరాదు. ఆ పేరుతో బిడ్డను పిలవడం, మందలించడం అసలే కుదరదు. అందుచేత నాయనమ్మ పేరును కాగితం మీద ఉంచి, పిలవడానికి వేరొక పేరు చేర్చేవారు. మహాలక్ష్మి అన్న పెద్దావిడ మనుమరాలు బడిలో మహాలక్ష్మి ప్రసన్న, ఇంట్లో ఉత్త ప్రసన్న అవుతుంది.

జన్మనక్షత్రాన్ని బట్టి వచ్చే అక్షరం కూడా నడిమి పేరుకు కారణమవుతుంది. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున 108 అక్షరాలు చెప్పబడినవి. అశ్విని మొదటి పాదానికి 'చూ' వస్తుంది. తల్లిదండ్రులకు 'అనన్య' నచ్చితే చూడామణిని నడిమి పేరుగా పెట్టి ఇటు ముచ్చట, అటు శాస్త్రం రెండూ తీర్చుకోవచ్చు. ఆర్ద్ర మూడవ పాదానికి 'ఙ' అని ఉన్నది. ఆ అక్షరంతో తెలుగులో పేరేదీ లేదు కనుక దగ్గరి అక్షరంతో సరిపెట్టుకోక తప్పదు.

పొసగే పేరు

పారస్కర గృహ్యసూత్రం ఆడపిల్ల పేరులో అక్షరాల సంఖ్య బేసిగా ఉండి, చివర 'ఆ'కారం రావాలని చెబుతుంది. సులభంగా పలకదగినదై, అర్థం స్పష్టంగా ఉండి, దీర్ఘంతో ముగియాలని మనుస్మృతి మాట. నదుల పేర్లు గల కన్యలను వివాహమాడరాదని కూడా అదే గ్రంథం అంటుంది గానీ, యమున, గోదావరి, కృష్ణవేణి, సింధు అన్న పేర్లు ఇన్ని ఉన్న తెలుగునాట దానిని ఎవరూ లెక్క చేసినట్లు లేదు.

శాస్త్రం కంటే చెవి చెప్పే తీర్పు ఎక్కువ ఉపయోగకరం. మొదటి మాట ఏ అచ్చుతో ముగిసిందో రెండవది అదే అచ్చుతో మొదలైతే రెండూ సంధి కలిసిపోతాయి: 'అనన్య ఆద్య' వేగంగా పలికితే 'అనన్యాద్య' అవుతుంది. 'దివ్య నవ్య' వంటి జంట ఒక పిల్ల పేరులా కాక కవలల పేర్లలా వినిపిస్తుంది. కమల, పద్మ రెండూ తామరలే కనుక కలిపి పెట్టడం వలన ప్రయోజనం లేదు. రెండక్షరాల పిలుపు పేరుకు ముందు మూడక్షరాల మాట బాగా నప్పుతుంది. 'వెంకట సింధు' ఇందుకు ఉదాహరణ.

నమోదు

జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం జననాన్ని 21 రోజులలో తెలియజేయాలి. పేరు లేకుండా నమోదైన బిడ్డకు 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆపైన 15 సంవత్సరాల వరకు రుసుముతో పేరు చేర్పించవచ్చు. ఈ చట్టానికి 2023లో జరిగిన సవరణ వలన, ఆ సంవత్సరం అక్టోబరు 1 నుండి పుట్టినవారికి బడిలో చేరికకు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే ఆధారం. కనుక బారసాలలో బియ్యం మీద వ్రాసిన పేరూ, ధ్రువపత్రంలోని పేరూ అక్షరం తేడా లేకుండా ఉండడం మంచిది. 'శ్రీలక్ష్మి'ని ఒకచోట కలిపి, మరొకచోట 'శ్రీ లక్ష్మి' అని విడదీసి వ్రాస్తే రెండు పేర్లుగానే పరిగణిస్తారు.

భారతీయ పాస్‌పోర్టులో మధ్య పేరుకు వేరే గడి లేదు. ఇంటిపేరు, పేరు అని రెండే ఉంటాయి. నడిమి మాట పేరు గడిలోనే వ్రాయాలి. అమెరికాలో మాత్రం పేరులోని మొదటి మాటనే పిలుపు పేరుగా భావిస్తారు. అందువలన అక్కడికి వెళ్ళిన లక్ష్మీ ప్రసన్నను తరగతిలో అందరూ లక్ష్మి అంటారు, ప్రసన్న మధ్య పేరై మరుగున పడుతుంది. అక్కడ పుట్టిన పిల్లలకు పలువురు తల్లిదండ్రులు పిలుపు పేరును ముందు వ్రాసి, ఇలవేలుపు పేరును తరువాత ఉంచడానికి కారణం ఇదే.

గల్ఫ్ ప్రయాణాలు ఎక్కువగా ఉన్న హైదరాబాదు వారికి మరొక నిబంధన తెలిసి ఉండాలి. పాస్‌పోర్టులో రెండు గడులలో ఒకటి ఖాళీగా ఉన్నవారిని సందర్శక వీసాపై అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించినది. పాస్‌పోర్టు రెండవ పుటలో తండ్రి పేరు గానీ, కుటుంబం పేరు గానీ ఉన్నవారికి ఆ తరువాత మినహాయింపు ఇచ్చినది.