గొట్టము తెగిన బండి ఆగును

అనంతపురం సీమలోని రామగిరి గుట్టలపైకి గాలిమరల రెక్కలను మోయు ట్రెయిలరుకు లారీ నుండి రెండు గాలి గొట్టములు పోవును. అందు ఎల్లప్పుడు గాలి నిండియుండు గొట్టము తెగినచో బండి పల్లమునకు జారిపోదు. తానే బ్రేకు పట్టి ఆగును. ఈ ఏర్పాటు రైళ్ల నుండి వచ్చినది.

1869లో అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ చేసిన తొలి బ్రేకుకు ఇంజను గాలి పంపవలెను. గొట్టము తెగినచో బ్రేకే లేదు! 1872లో ఆయన ప్రతి పెట్టె క్రింద ఒక గాలి తొట్టిని అమర్చి, గొట్టములో ఒత్తిడి తగ్గగానే ఆ తొట్టి గాలియే బ్రేకు వేయునట్లు మార్చెను.

అందరును వెంటనే మారలేదు. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా వద్ద ఒక విహార రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోగా, సిబ్బంది పెట్టెలను విడదీసిరి. ఇంజనుతో సంబంధమున్నంతవరకే పనిచేయు బ్రేకు అది. చక్రముల క్రింద పెట్టిన రాళ్లు నలిగిపోయి, పది పెట్టెలు వెనుకకు జారి మరొక రైలును ఢీకొన్నవి. 80 మంది మరణించిరి, అందు పిల్లలనేకులు. ఆ ఏడే బ్రిటిషు పార్లమెంటు ప్రయాణికుల రైళ్లకు స్వయంచాలక బ్రేకును తప్పనిసరి చేసెను. నేడు గుంతకల్లు మీదుగా పోవు గూడ్సులందును ఇదే సూత్రము.

కనుక ట్రెయిలరు చక్రములు బిగిసి కమురు వాసన వచ్చినచో, గాలి ఎక్కడైన కారుచున్నదేమో కూడ చూడవలెను. చక్రములకు దిమ్మలు పెట్టి, గొట్టముల అతుకులకు సబ్బునీరు పూసినచో, బుడగ లేచిన చోటనే దొంగ దొరకును.