కొండచిలువ కాటు

కొండచిలువ కాటు అనగా కొండచిలువ, బోవా వంటి పెద్ద విషరహిత సర్పాలు కరవడం వలన కలిగే గాయం. అమెరికా, ఐరోపా దేశాలలో బాల్ పైథాన్, బోవా, బర్మా కొండచిలువ మొదలైన వాటిని ఇళ్ళలో పెంచుతారు. అందువలన ఈ గాయాలు ఎక్కువగా వాటిని పెంచేవారికి, జంతుప్రదర్శనశాలల సిబ్బందికి, పాములు పట్టేవారికి కలుగుతాయి. ఈ పాములకు విషం లేకపోయినా వాటి కాటును నిర్లక్ష్యం చేయరాదు. లోతైన గాట్లు, గాయంలో విరిగి ఉండిపోయిన పళ్ళు, చీము పట్టడం దీనివలన కలిగే ముఖ్యమైన ప్రమాదాలు.

కాటు స్వభావం

కొండచిలువకు విషపు కోరలు ఉండవు. సూదుల వలె సన్నగా, గొంతు వైపునకు వంగిన పళ్ళు పై దవడలో నాలుగు వరుసలుగా, క్రింది దవడలో రెండు వరుసలుగా ఉంటాయి. నోటికి చిక్కిన ఆహారం జారిపోకుండా ఈ వంపు తోడ్పడుతుంది. ఈ కారణం చేతనే కరిచిన చేతిని బలంగా లాగితే చర్మం చీలిపోతుంది, పళ్ళు విరిగి లోపలే ఉండిపోతాయి.

కాటు రెండు రకాలు. భయపడిన పాము ఆత్మరక్షణకు కరిచి వెంటనే వదలివేస్తుంది. ఆహారమని భ్రమపడి కరిచిన పాము వదలదు. చేతిని పట్టుకొని చుట్టలు వేసి బిగిస్తుంది. చాలా జాతుల కొండచిలువల పెదవుల వద్ద వేడిని గ్రహించే గుంటలు ఉంటాయి. ఎలుకల వాసన అంటిన వెచ్చని చేయి వాటికి ఆహారం వలె తోచడానికి ఇది ఒక కారణం.

విడిపించే విధానం

ఇక్కడ తెలిపిన పద్ధతులు పాము విషరహితమని నిశ్చయంగా తెలిసినపుడు మాత్రమే పాటించాలి.

- చేతిని లాగకుండా, కదలకుండా ఉంచి ఇతరులను సహాయానికి పిలవాలి.
- చుట్టలను తోక వైపు నుండి ఒక్కొక్కటిగా విప్పాలి.
- పాము తలపై చల్లని నీరు పోయడం వలన గాని, నోటి అంచున కొద్దిగా స్పిరిట్ వేయడం వలన గాని చాలాసార్లు అది పట్టు వదలుతుంది.
- అప్పటికీ వదలకపోతే తలను వెనుకకు లాగక, ముందుకు నెట్టి పళ్ళను విడిపించాలి.
- చుట్టలు మెడకు గాని ఛాతీకి గాని పడితే ప్రాణాపాయం. అత్యవసర సహాయానికి వెంటనే కబురు చేయాలి.

ప్రథమ చికిత్స

ముందుగా శుభ్రమైన గుడ్డతో గాయాన్ని అదిమిపట్టి రక్తస్రావాన్ని ఆపాలి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, చేతి గడియారం తీసివేయాలి. తరువాత గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో కొన్ని నిమిషాలపాటు బాగా కడగాలి. పైకి కనిపించే పళ్ళను శుభ్రమైన చిన్న పట్టకారుతో తీయవచ్చు. లోతుగా దిగినవాటిని కెలకకుండా వైద్యునికి వదలివేయాలి. ఆ పైన పొవిడోన్ అయోడిన్ వంటి మందు పూసి వదులుగా కట్టు కట్టాలి. గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, పసుపు, సున్నం, ఆకుపసరు వంటివి పూయడం కూడదు.

వైద్యం

పాముల నోటిలో సాల్మొనెల్లా, సూడోమోనాస్ వంటి బాక్టీరియా ఉండవచ్చు. లోతైన గాట్లను సాధారణంగా కుట్లు వేసి మూయరు. మూస్తే బాక్టీరియా లోపల చిక్కుకొని చీము పట్టే అవకాశం పెరుగుతుంది. విరిగిన పళ్ళు ఉన్నాయన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే గాని అల్ట్రాసౌండ్ పరీక్ష గాని చేస్తారు. ధనుర్వాతం టీకా వేసుకొని 5 సంవత్సరాలు దాటితే మరొక మోతాదు ఇస్తారు. యాంటీబయాటిక్ మందుల అవసరాన్ని వైద్యుడు నిర్ణయిస్తాడు. రేబిస్ క్షీరదాలకు సోకే వ్యాధి కనుక ఆ టీకా అవసరం లేదు.

ముఖం మీది కాటు, వేళ్ళ కీళ్ళ వద్ద లోతైన గాయం, ఆగని రక్తస్రావం ఉన్నపుడు ఆలస్యం చేయరాదు. తరువాతి రోజులలో ఎరుపు, వాపు వ్యాపించడం, చీము, జ్వరం, వేలు వంచలేకపోవడం కనిపించినా వెంటనే వైద్యుని సంప్రదించాలి. మధుమేహం గలవారు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు చిన్న గాయమైనా చూపించుకోవాలి.

భారతదేశంలో

భారతీయ కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని పట్టడం, పెంచడం నేరం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇది అడవులలోనే కాక పొలాల వద్ద కూడా కనిపిస్తుంది. పిల్ల కొండచిలువ ఒంటిపై మచ్చలు విషసర్పమైన రక్తపింజరి మచ్చలను పోలి ఉండటం వలన పొరపాటు పడే ప్రమాదం ఉన్నది. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే శక్తిని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుచేత బయట ఏ పాము కరిచినా, అది ఏదో నిశ్చయంగా తెలియనపుడు, విషపు కాటుగానే భావించాలి. పామును పట్టే ప్రయత్నం చేయక, కరిచిన అవయవాన్ని కదలకుండా ఉంచి, బాధితుని నడిపించకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

నివారణ

పెంపుడు పాములకు ఆహారాన్ని చేతితో కాక పొడవైన పటకారుతో అందించాలి. ఎలుకలను ముట్టిన తరువాత చేతులు కడుగుకొనకుండా పామును తాకరాదు. మేత వేసిన వెంటనే, కుబుసం విడిచే సమయంలో దానిని పట్టుకొనరాదు. 3 మీటర్లు దాటిన పామును ఎన్నడూ ఒంటరిగా పట్టుకొనరాదు. 5 సంవత్సరాలలోపు పిల్లలను పాములకు దూరంగా ఉంచాలి. కాటు లేకున్నా, కేవలం తాకడం వలన కూడా సాల్మొనెల్లా సోకవచ్చు.