నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు

పోయిన ఆదివారం పొద్దున మా అత్తమ్మ చేతిసంచి తీసుకుని, "ఇప్పుడే వస్తా బిడ్డా" అని బయటికి వెళ్ళింది. ముప్పావు గంట తర్వాత తమలపాకుల కట్ట, పావుకిలో చిక్కుడుకాయలు, బీపీ మాత్రల అట్ట పట్టుకుని వచ్చింది. గుడి దగ్గర ఎవరో పాత పరిచయస్తురాలు కలిస్తే మెట్ల మీద కూర్చుని కాసేపు కష్టసుఖాలు మాట్లాడుకున్నారట.

ఇందులో రాయడానికి ఏముంది అంటారా? ఆమెకు డెబ్భై నాలుగేళ్ళు. గడచిన తొమ్మిదేళ్ళలో ఆమె ఒక్కతే ఇల్లు కదిలి వెళ్ళి, ఒక్కతే తిరిగి రావడం ఇదే మొదలు.

ఆ తొమ్మిదేళ్ళూ మేము హైదరాబాద్ చివర ఒక గేటెడ్ కమ్యూనిటీలో అద్దెకున్నాం. పార్కుంది, లిఫ్టుంది, ఇరవై నాలుగు గంటలూ నీళ్ళున్నాయి. లేనిదల్లా ఒక్కటే, గేటు దాటితే నడిచి వెళ్ళడానికి ఏదీ లేదు. కొత్తిమీర కట్టకైనా ఫోన్లో ఆర్డరు పెట్టాలి, లేదా మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. అమ్మాయి ట్యూషన్‌కి నేను స్కూటీ తీయాలి. అత్తమ్మ అయితే ఏదన్నా కావాలంటే అడగడమే మానేసింది. అది నేను గమనించడానికే రెండేళ్ళు పట్టింది.

సొంతిల్లు కొనాలనుకున్నప్పుడు, అదే డబ్బుకి ఊరి బయట మూడు పడకగదుల కొత్త ఫ్లాటు వస్తుందన్నారు మా వాళ్ళంతా. నేను మాత్రం నారాయణగూడ, కాచిగూడల మధ్య పాతికేళ్ళ నాటి అపార్ట్‌మెంటులో, మొదటి అంతస్తులో ఉన్న రెండు గదుల ఫ్లాటు కొందామన్నాను. "ఆ ఇరుకు గల్లీల్లోనా?" అని మా తమ్ముడు నవ్వాడు. నా పట్టుదల వెనక ఒక పాత కథ ఉంది. నా కథ కొంత, ఆ వీధుల కథ కొంత.

నేను బీఏ తెలుగు చదివింది కోఠీ ఉమెన్స్ కాలేజీలో. రామకోటిలో మా పిన్నిగారింట్లో ఉండి రోజూ నడిచి వెళ్ళేదాన్ని. ఆ కాలేజీ భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. 19వ శతాబ్దం మొదట్లో రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ఆయన పెళ్ళాడిన ఖైరున్నీసా బేగం పరదా పాటించే ఇంటి ఆడపిల్ల. ఆవరణలోనే ఆమె కోసం వేరే జనానా ఉండేది. పరదా వల్ల ఆమె ముందువైపుకి వచ్చి ఆ భవనాన్ని చూడలేదు కాబట్టి, దాని నమూనాని చిన్న బొమ్మరిల్లులా తోటలో కట్టించి చూపించాడని ఒక కథ చెబుతారు. కథలో నిజమెంతో గానీ ఆ చిన్న నమూనా మాత్రం నిజంగానే ఉండేది. సొంతింటి ముందుభాగం చూడాలంటే బొమ్మరిల్లు కట్టించుకోవాల్సి వచ్చిన ఆ చోటికే 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. ఆ పెద్ద మెట్లెక్కి, ఆ స్తంభాల మధ్య నుంచి, చేతిలో పుస్తకాలతో మేము రోజూ లోపలికి వెళ్ళేవాళ్ళం. అప్పుడు ఇదంతా ఆలోచించలేదు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజార్లనే రెసిడెన్సీ బజార్లు అనేవారు. అవి చాలాకాలం రెసిడెంట్ పాలనలో ఉండి, 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చాయి. అప్పుడు వచ్చిన పేరే సుల్తాన్ బజార్. రెసిడెంట్ పాలన వల్ల వర్తకులు, సాహుకార్లు అక్కడ చేరారు. నిజాం ఆంక్షలు అంత గట్టిగా సాగని చోటు కాబట్టి సభలు పెట్టుకునేవాళ్ళు, పత్రికలు చదివేవాళ్ళు కూడా చేరారు.

మన తెలుగువాళ్ళ కథ మొదలయ్యేది కూడా అక్కడే. 1901లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, నాయని వెంకట రంగారావుగారు వంటి పెద్దలు కలిసి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపించారు. అది మొదలైంది రామకోటిలో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లోనే. అంటే ఒక గ్రంథాలయం ఒకరి ఇంటి గదిలో పుట్టింది. నలుగురు వచ్చి పుస్తకాలు తిరగేస్తుంటే ఆ ఇంటి ఇల్లాలు ఎన్నిసార్లు మంచినీళ్ళు అందించి ఉంటుందో అనిపిస్తుంది నాకు. ఆమె పేరు లక్ష్మీనరసమ్మ. భర్త పోయాక గ్రంథాలయం సొంత భవనానికి విరాళం ఇచ్చింది ఆమే. సుల్తాన్ బజార్లో ఆ నిలయం ఇప్పటికీ ఉంది. మా కాలేజీ రోజుల్లో అక్కడికి వెళ్ళి, పాత పత్రికల దుమ్ముకి తుమ్ముకుంటూ నోట్సు రాసుకునేవాళ్ళం.

ఇంకో సంగతి. 1921 నవంబరులో ఆ పరిసరాల్లోనే వివేకవర్ధిని ఆవరణలో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. అందులో అల్లంపల్లి వెంకట రామారావుగారు తెలుగులో మాట్లాడబోతే కొందరు గేలి చేసి కూర్చోబెట్టారు. మనసు నొచ్చుకున్న తెలుగువాళ్ళు ఆ రాత్రే ఒక ఇంట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘానికి పునాది వేశారు. తెలంగాణ చరిత్ర చదివినవాళ్ళందరికీ తెలిసిన ఘట్టమే ఇది. నాకు మాత్రం "ఆ రాత్రే" అన్న మాట దగ్గర మనసు ఆగుతుంది. ఫోన్లు లేవు, సిటీ బస్సులు లేవు. మనసులో బాధ చల్లారకముందే పదిమంది ఒకచోట కూర్చోగలిగారంటే, ఒకరికొకరు అందేంత దూరంలో ఉండబట్టే కదా!

అయితే ఆ రోజుల్లో అన్నీ బాగున్నాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఈ నగరాన్ని ఊడ్చేసింది. చనిపోయినవాళ్ళు దాదాపు 15,000 మంది అని అంచనా. నది ఒడ్డున కిక్కిరిసిన బస్తీలే ఎక్కువ నష్టపోయాయి. తర్వాత ప్లేగు వచ్చింది. 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి కోసం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలు తీయించింది, రోడ్లు వెడల్పు చేయించింది, ఇళ్ళు కట్టించింది. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తయింది, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయింది. నడిచి వెళ్ళే ఊరు కావాలంటే ముందు మురుగు పోయే ఊరు, వరదకి మునగని ఊరు కావాలి. ఈ పాఠం మాకు ఫ్లాటు చూసేటప్పుడు కూడా పనికొచ్చింది, అది తర్వాత చెబుతాను.

ఆ తర్వాతి దశాబ్దాల్లో కాచిగూడ, నారాయణగూడ, బర్కత్‌పురా, హిమాయత్‌నగర్ వైపు ఊరు కొంచెం ఊపిరి తీసుకుంటూ పెరిగింది. కాచిగూడ స్టేషను 1916లో వచ్చింది. 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల కోసం బడి పెట్టారు. అదే ఆంధ్ర బాలికోన్నత పాఠశాల. చదువంతా ఉర్దూలో నడిచే రాజ్యంలో తెలుగులో చెప్పే బడికి ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. అందుకని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు పిల్లల్ని పంపారు. నిజాం రాష్ట్ర రైల్వే వాళ్ళు 27 బస్సులతో మొదటి బస్సు సర్వీసు మొదలుపెట్టింది 1932లో. అంటే ఆ బడి బస్సులకంటే నాలుగేళ్ళు పెద్దది. ఇక ఆలోచించండి. ఆడపిల్లని బడికి పంపడమే గొప్ప అనుకునే రోజుల్లో, ఆ బడి ఐదు మైళ్ళ దూరంలో ఉంటే ఎంతమంది తల్లిదండ్రులు పంపేవాళ్ళు? పంపకపోవడానికి ఇంట్లో మొదట దొరికే సాకు దూరమే. మా అమ్మ చదువు ఐదో తరగతితో ఆగింది. హైస్కూలు పక్క ఊళ్ళో ఉండటమే కారణం.

తర్వాత ఊరు చాలా దూరం వెళ్ళిపోయింది. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక పడమటి వైపు కొత్త నగరమే లేచింది. చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పడింది. ఉద్యోగాలు అటు వెళ్ళాయి, మేమూ వెళ్ళాం. ఆ కొత్త ఊళ్ళో దూరాన్ని కారు కొలుస్తుంది. కారు తోలేవాళ్ళకి అది దూరమే కాదు. తోలనివాళ్ళు మన ఇళ్ళల్లో ఎవరు? ముసలివాళ్ళు, పిల్లలు, చాలాచోట్ల మనమే.

పాత ఊరికీ గండాలు తప్పలేదు. మెట్రో రైలు సుల్తాన్ బజార్ మీదుగా వస్తుందంటే అక్కడి వర్తకులు ఏళ్ళ తరబడి వద్దని పోరాడారు. చివరికి లైను అటే వచ్చింది, కొన్ని దుకాణాలు పోయాయి. 2020 ఫిబ్రవరిలో చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ స్టేషన్లు తెరుచుకున్నాయి. ఇప్పుడు మా ఆయన ఆఫీసుకి మెట్రోలో వెళుతున్నారు. ఆ స్తంభాల కింద నుంచి నడిచేటప్పుడల్లా, మాకు కలిసొచ్చింది ఇంకొకరికి పోగొట్టుకున్నది కదా అనుకుంటాను.

ఇక కొనడం సంగతి. పాత ఊళ్ళో పాత ఫ్లాటు కొనేవాళ్ళకి మా అనుభవం నాలుగు ముక్కల్లో చెబుతాను. పాత భవనంలో గోడల విలువ ఏటేటా తగ్గుతుంది, నేల విలువే మిగులుతుంది. కాబట్టి ఫ్లాటుతోపాటు మీ పేరున రిజిస్టరయ్యే భూమి వాటా, అదే యూడీఎస్, ఎన్ని గజాలో దస్తావేజులో చూసుకోండి. మేము మొదట ఇష్టపడ్డ ఫ్లాటులో ఆ వాటా మరీ తక్కువని తేలి వదిలేశాం. ముప్పై ఏళ్ళ ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకి చూపించండి. భవనం వయసుని బట్టి బ్యాంకు అప్పు తక్కువ ఇవ్వచ్చు. అందుకే బయానా ఇచ్చేముందే కనుక్కోండి. వానాకాలంలో ఒకసారి వెళ్ళి చూడండి. గల్లీలో నీళ్ళు నిలుస్తున్నాయా, డ్రైనేజీ పొంగుతోందా, స్లాబు కారుతోందా అన్నది ఎండాకాలంలో తెలియదు.

చివరి పరీక్ష నాది. సాయంత్రం ఏడింటికి అత్తమ్మను, అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ ఫ్లాటు గుమ్మం నుంచి నడిచాను. మందుల షాపు, కూరగాయలు, గుడి, బస్టాపు, మెట్రో. ఎక్కడ లైటు లేదు, ఎక్కడ ఫుట్‌పాత్ లేదు, ఎక్కడ రోడ్డు దాటడం కష్టం అని చూసుకున్నాం. ఫుట్‌పాత్ చాలాచోట్ల లేదు, ఉన్నచోట బైకులున్నాయి. చౌరస్తా దాటడం ఇప్పటికీ భయమే. అయినా మందుల షాపుకి రోడ్డు దాటక్కర్లేదు. ఆ ఒక్క సంగతితో అత్తమ్మ, "ఇదే తీసుకుందాం" అంది.

కొన్నాక సుఖంగా ఉన్నామా అంటే, సగం సగం. పార్కింగు ఒక్క బండికే కాబట్టి కారు అమ్మేశాం. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. పెళ్ళిళ్ళ సీజన్లో బ్యాండు మేళం మా హాల్లోనే వాయిస్తున్నట్టుంటుంది. మా ఆయన మొదటి నెలంతా మొహం ముడుచుకునే ఉన్నారు. తమ్ముడు మొన్న వచ్చి కారు పెట్టుకోవడానికి అరగంట తిరిగి, "నేను చెప్పలే?" అన్నాడు. చెప్పాడు మరి, కాదనను.

కానీ ఇంటర్ చదివే మా అమ్మాయి సాయంత్రాలు స్నేహితురాలితో కలిసి చిక్కడపల్లి గ్రంథాలయానికి నడిచి వెళుతోంది. ఎవరూ దింపక్కర్లేదు, ఎవరూ తీసుకురానక్కర్లేదు. నిన్న భాషా నిలయం గురించి చెప్పి, ఈ శనివారం అక్కడికి వెళ్దామన్నాను. "ఎంత దూరం?" అని అడిగింది. నడుద్దాం అన్నాను. లోపలి గదిలోంచి అత్తమ్మ, "నేనూ వస్తా, మధ్యలో ఎక్కడన్నా కూసోబెట్టున్రి" అంది.